ఉరి అడిగే కేసుల్లోనే పొరపాటు ఎక్కువ

2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక మనిషిని విలేకరుల ముందు నిలబెట్టారు. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి మూడు రాష్ట్రాల్లో 11 మందిని చంపాడని ప్రకటించారు. ఆ 11 మందిలో నలుగురు వనపర్తి జిల్లా రేవల్లి మండలం నాగాపూర్‌కు చెందిన ఒకే కుటుంబం వాళ్లు. 2025 జూన్‌లో గద్వాలలో పెళ్లయిన నెలకే ఒక ప్రైవేటు సర్వేయరు హత్యకు గురయ్యాడు. రెండు సందర్భాల్లోనూ చార్జిషీటు కోర్టుకు చేరకముందే శిక్ష ఖరారైంది. టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, టీ కొట్ల దగ్గర వినిపించిన మాట ఒక్కటే: ఉరి తీయాలి. ఆ కోపాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. నలుగురి శవాలు ఒకే ఇంట్లోంచి లేస్తే కోపం రాని ఊరు ఉండదు. అయితే మరణశిక్ష మీద మన దగ్గర జరిగే చర్చంతా ఆ కోపం దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతోంది. ‘ఇంత ఘోరం చేసినవాడు బతకడానికి అర్హుడా?’ అన్నదే ప్రశ్న అయితే జవాబు తేలికే. అసలు ప్రశ్న దానికి ముందే ఉంది. ఆ ఘోరం చేసింది ఇతనేనని మనకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు, వాళ్లు చెప్పింది ఒక ప్రాణం తీసేటంత గట్టిదా?

ఈ ప్రశ్నకు ఉమ్మడి పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) ఇప్పటికే ఒక జవాబు చూసింది. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన దారుణంలో నిందితులుగా పట్టుబడిన నలుగురూ మక్తల్ మండలం వాళ్లు, లారీల మీద పనిచేసే పేదింటి పిల్లలు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో పోలీసుల కాల్పుల్లో నలుగురూ చనిపోయారు. ఆ ఉదయం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక ఆ పూలు చల్లినవాళ్లలో ఎంతమంది చదివారో తెలియదు. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్ తేల్చింది. నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా రాసింది. అంటే మన చట్టం ప్రకారం ఏ కోర్టూ ఉరిశిక్ష వేయడానికి వీల్లేని ముగ్గురిని, విచారణే లేకుండా, అందరూ మెచ్చుకుంటుండగా చంపేశారు. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చలేదు. వయసు సర్టిఫికెట్ చూసే తీరిక కూడా లేనంత తొందర ఆ రోజు ఈ సమాజానికి ఉంది. ఆ తొందర ఎన్‌కౌంటర్‌తో ఆగదు, కోర్టు హాల్లోకీ నడిచి వస్తుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే. ఏ పరిస్థితులు ఒక కేసును ఉరిశిక్ష దాకా తీసుకెళ్తాయో, దర్యాప్తు తప్పుదారి పట్టడానికీ అవే కారణం. కాబట్టి ‘చాలా అరుదైన కేసులకే ఉంచుదాం’ అన్న రాజీ మనల్ని కాపాడదు. పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉన్న కేసులనే ఆ రాజీ ఏరి పక్కన పెడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూడాలంటే ఒక హత్య కేసు నడిచే తీరు తెలియాలి. రాత్రిపూట, నిర్జన ప్రదేశంలో జరిగే దారుణానికి ప్రత్యక్ష సాక్షులు ఉండరు. పత్రికలు మొదటి పేజీలో రాస్తుంటాయి, మంత్రి పరామర్శకు వస్తాడు, ఎస్పీ మీద వారంలోగా పట్టుకోవాలన్న ఒత్తిడి పడుతుంది. అప్పుడు స్టేషన్‌కు ముందు గుర్తొచ్చేది పాత కేసులున్న వాడో, ఊరూరా తిరిగే సంచార కులం వాడో, అడిగే దిక్కు లేని కూలీవాడో. వాణ్ణి తెచ్చాక ఒప్పుకోలు వస్తుంది. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. కానీ రెండింటిలోనూ ఒక సందు ఉంది. నిందితుడు చెప్పిన మాటను బట్టి ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు ఆ మాట సాక్ష్యమవుతుంది. ఇక కేసంతా ఆ సందులోంచే నడుస్తుంది. పొదలో కత్తి దొరుకుతుంది, గడ్డివాములో రక్తపు చొక్కా దొరుకుతుంది, ఇద్దరు మధ్యవర్తులు పంచనామా మీద సంతకం పెడతారు. ఆ మధ్యవర్తులు అదే స్టేషన్‌కు మరో నాలుగు కేసుల్లోనూ సంతకాలు పెట్టినవాళ్లు కావచ్చు. మామూలు దొంగతనం కేసులో డిఫెన్స్ వకీలు ఇలాంటి పంచనామాను పది ప్రశ్నల్లో చింపేస్తాడు. ఊరంతా ఉరి కోరుతున్న కేసులో ఆ వకీలే దొరకడు. 2019లో షాద్‌నగర్‌లోనూ, తర్వాత అనేకచోట్లా నిందితుల తరఫున వాదించబోమని వకీళ్లు ప్రకటించడం చూశాం. అది ధర్మాగ్రహమని వాళ్లు అనుకుని ఉండొచ్చు. దర్యాప్తులోని లోపాన్ని పట్టగలిగిన ఒకే ఒక్క మనిషిని కేసులోంచి తప్పించడమే దాని ఫలితం.

నిఠారీ కేసు దీనికి నిలువెత్తు ఉదాహరణ. నోయిడాలోని ఆ ఊళ్లో 2006 చివర ఒక బంగళా వెనక డ్రైనేజీలో పిల్లల ఎముకలు బయటపడ్డప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. ఇంట్లో పనిచేసే సురేంద్ర కోలీని నరమాంస భక్షకుడని రాయని పత్రిక లేదు. ఒక కేసులో 2009లో సెషన్స్ కోర్టు మరణశిక్ష వేసింది, 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది, 2014లో రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. ఆ ఏడాది సెప్టెంబరులో మీరట్ జైల్లో ఉరికి ఏర్పాట్లన్నీ అయ్యాక, అర్ధరాత్రి దాటిన తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2015లో అలహాబాద్ హైకోర్టు, క్షమాభిక్ష పిటిషన్‌పై జాప్యం జరిగిందన్న కారణంతో, ఉరిని యావజ్జీవంగా మార్చింది. అప్పటికీ అతను అమాయకుడు కావచ్చని అన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. 2023 అక్టోబరులో అదే హైకోర్టు మిగిలిన 12 కేసుల్లో అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది. అరవై రోజుల పోలీసు కస్టడీ తర్వాత రాబట్టిన వాంగ్మూలం, నిరూపణ కాని రికవరీలు తప్ప కేసులో ఏమీ లేదని చెప్పింది. 2025 నవంబరు 11న సుప్రీంకోర్టు చివరి మెట్టైన క్యూరేటివ్ పిటిషన్‌ను అనుమతించి, తాను 14 ఏళ్ల కింద ఖరారు చేసిన నేరనిర్ధారణను తానే రద్దు చేసింది. 2014లో ఆ స్టే మరికొన్ని గంటలు ఆలస్యమై ఉంటే ఈ తీర్పుల్లో ఒక్కటీ రాసే అవసరం వచ్చేది కాదు, కోలీ దోషిగానే చరిత్రలో మిగిలేవాడు. ఉరితీయబడ్డ వాళ్లలో నిర్దోషులు ఎంతమందో మన దేశంలో లెక్క లేకపోవడానికి కారణం కూడా ఇదే. చచ్చినవాడి తరఫున క్యూరేటివ్ పిటిషన్ ఎవరూ వేయరు.

‘చివరికి సుప్రీంకోర్టు దిద్దుకుంది కదా, అంటే వ్యవస్థ పనిచేస్తున్నట్టే కదా’ అని ఉరిని సమర్థించేవాళ్లలో ఆలోచనాపరులు అంటారు. ఈ వాదనను తేలిగ్గా తోసేయకూడదు. మరణశిక్షను హైకోర్టు ధృవీకరించాలన్న నియమం, ఆపైన సుప్రీంకోర్టు, రివ్యూ, గవర్నరు, రాష్ట్రపతి. ఇన్ని మెట్లున్న శిక్ష మరొకటి లేదు. కానీ ఈ మెట్ల మీద ఏం జరిగిందో లెక్క చూస్తే ధైర్యం రాదు. ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ శతాబ్దం మొదటి పదిహేనేళ్లలో కింది కోర్టులు వేసిన మరణశిక్షల్లో చివరిదాకా నిలిచినవి సుమారు 5 శాతం. దాదాపు 30 శాతం మంది ఏ నేరమూ రుజువు కాక పూర్తిగా విడుదలయ్యారు. మరణశిక్ష పడినవాళ్లలో దగ్గరదగ్గర మూడోవంతు మంది విషయంలో కింది కోర్టు శిక్షలోనే కాదు, దోషి ఎవరన్న విషయంలోనే పొరబడిందని దీని అర్థం. ముగ్గురిలో ఒక రోగికి తప్పు మందు రాసే డాక్టరు దగ్గరికి మనం రెండోసారి వెళ్లం. పై మెట్లు కూడా తప్పుకు అతీతం కావు. సంచార కులాలకు చెందిన ఆరుగురు మహారాష్ట్ర కూలీలకు 2009లో సుప్రీంకోర్టే మరణశిక్ష ఖాయం చేసింది. వారిలో ముగ్గురికి హైకోర్టు యావజ్జీవంగా తగ్గించిన శిక్షను తిరిగి ఉరికి పెంచింది. 2019 మార్చిలో అదే కోర్టు ఆరుగురూ నిర్దోషులని, తప్పుడు కేసులో ఇరికించారని ఒప్పుకుని, ఒక్కొక్కరికి 5 లక్షలు ఇమ్మంది. అప్పటికి వాళ్లు అరెస్టయి దాదాపు 16 ఏళ్లు గడిచాయి. వారిలో ఒకడు ఘటన నాటికి మైనరు. ఇక రాజస్థాన్‌లో రావ్‌జీని 1996లో ఉరితీశారు. అతని కేసులో, దాన్ని అనుసరించిన మరికొన్ని కేసుల్లో తాము శిక్ష నిర్ణయించే సూత్రాన్ని తప్పుగా అన్వయించామని సుప్రీంకోర్టు 2009లో స్వయంగా రాసుకుంది. 2012లో 14 మంది మాజీ న్యాయమూర్తులు ఆ తప్పుడు వరుసలో మిగిలినవాళ్లనైనా బతికించమని రాష్ట్రపతికి లేఖలు రాశారు. రావ్‌జీకి ఆ లేఖ పదహారేళ్లు ఆలస్యం.

వడపోత మెట్ల మీద జరుగుతుందనే నమ్మకంలో మరో చిక్కు ఉంది. వడపోతకు కాలం కావాలి, కోపానికి వేగం కావాలి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 పనిదినాల్లో విచారణ ముగించి ఉరివేయాలన్న దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు గానీ, ఆ స్ఫూర్తి మాత్రం అంతటా ఉంది. అదే ఏడాది, ఆ బిల్లుకు ముందే, హనుమకొండలో తొమ్మిది నెలల పసికందు కేసులో వరంగల్ కోర్టు యాభై రోజుల్లో మరణశిక్ష వేసింది, నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. చటాన్‌పల్లి జరిగిన రెండు నెలల్లో ఆదిలాబాద్‌లో ముగ్గురికి, నల్లగొండలో ఒకరికి మరణశిక్షలు పడ్డాయి. ఈ తీర్పుల్లో తప్పు ఉందని అనడం లేదు. వేగం ఏం చేయగలదో చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు చూడాలి. 2013లో అక్కడ చిన్నారిపై అఘాయిత్యం కేసులో 13 రోజుల్లో విచారణ ముగించి ఒక యువకుడికి ఉరి వేశారు. అతనికి సర్కారు వకీలును ఇచ్చిన రోజే అభియోగాలు నమోదు చేశారు. కాగితాలు చదవడానికి కూడా ఆ వకీలుకు ఒక పూట లేదు. 2019లో సుప్రీంకోర్టు ఆ విచారణ చెల్లదని కొట్టేసి, ఉరి పడగల కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవమున్న వకీలును ఇవ్వాలని, సిద్ధం కావడానికి వారం రోజులైనా ఉండాలని ఆదేశించింది. మళ్లీ విచారణ, మళ్లీ ఉరి, మళ్లీ హైకోర్టు వెనక్కి పంపడం జరిగి, 2024 మార్చిలో డీఎన్‌ఏ నిపుణులను సరిగ్గా ప్రశ్నించాక తేలిందేమంటే ఆధారాలు అతని వైపు చూపడం లేదు. పదకొండేళ్లకు విడుదలయ్యాడు. డీఎన్‌ఏ వచ్చాక పొరపాట్లకు తావు లేదనే వాళ్లకు కూడా ఇదే సమాధానం. శాస్త్రం ఉండటం వేరు, దాన్ని సేకరించే కానిస్టేబులు, భద్రపరిచే మాల్‌ఖానా, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ల్యాబ్ దాకా మోసుకెళ్లే గొలుసు, కోర్టులో దాన్ని నిలదీయగలిగే వకీలు ఉండటం వేరు. 2025 జులైలో తమిళనాడు కేసులో మరణశిక్ష పడిన మనిషిని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు తప్పుపట్టింది సరిగ్గా ఈ గొలుసునే.

మన తెలుగు నేల మీద పొరపాటు ఎలాంటివాళ్ల వైపు జారుతుందో చెప్పే కేసులు తక్కువేం కాదు. హైదరాబాద్ స్టేట్‌లో తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు 12 మంది రైతులకు ఉరి వేశాయి. వకీలు సాయం సరిగ్గా అందలేదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1951లో అది నిలబడలేదు. ఆ కేసును ఇంగ్లండు నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. ఆ తర్వాత ప్రభుత్వం శిక్షలు తగ్గించింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైటు ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. మరణశిక్షను బతుకంతా వ్యతిరేకించిన జస్టిస్ కృష్ణయ్యరే వాళ్ల పిటిషన్‌ను కొట్టేయాల్సి వచ్చింది, దయ చూపడం కోర్టు పని కాదు, ప్రభుత్వం పని అంటూ. ఎమర్జెన్సీ నాటి ప్రభుత్వం దయ చూపలేదు. ఆ జైలు ఇప్పుడు లేదు, అక్కడ గాంధీ ఆసుపత్రి ఉంది. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది ఆహుతి కాగా, దోపిడీకి వచ్చి పెట్రోలు చల్లిన ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. 1997 మార్చిలో ఉరితీత తేదీ దాకా వెళ్లింది. బాలగోపాల్, పౌరహక్కుల సంఘం, మహాశ్వేతా దేవి వంటివాళ్లు పోరాడాక 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. వాళ్లు నిర్దోషులని ఎవరూ అనలేదు. చంపాలన్న ఉద్దేశం లేని దోపిడీకి ఉరి ఏమిటన్నదే వాదన. దాని పక్కన 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిన చుండూరును పెట్టి చూడండి. అక్కడ ప్రత్యేక కోర్టు పదహారేళ్లకు వేసింది యావజ్జీవాలు, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరు నిందితులను ఉరితీయాల్సిందని కాదు చెప్పేది. ఆధారాలు చాలవని కోర్టులకు అనిపించడానికి కూడా ఒక కులం, ఒక వర్గం, ఒక పేరున్న వకీలు కావాలేమో అన్న అనుమానం ఎవరికైనా రావాలి.

ముందు చెప్పిన అధ్యయనంలో మరణశిక్ష పడ్డ ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా చితికినవాళ్లు. పాలమూరు కంటే దీన్ని బాగా అర్థం చేసుకోగల ప్రాంతం ఉండదు. దేశంలో సగం ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు లేబరు నేర విచారణలో నిలబడితే ఏమవుతుందో ఊహించండి. ఘటన రోజు రాత్రి తాను ఎక్కడున్నాడో చెప్పడానికి మేస్త్రీ ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు, హాజరు పట్టీ లేదు, పుట్టిన తేదీకి బడి రిజిస్టరు లేదు. ఆ చివరిది చిన్న విషయమనుకుంటే పొరపాటు. 1994లో పుణె హత్యలకు ఉరి పడిన రాజస్థానీ యువకుడు అప్పటికి పన్నెండేళ్ల పిల్లవాడని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చేసరికి అతను జైల్లో 28 ఏళ్లు గడిపాడు. చదువుకున్న బడి రిజిస్టరు దొరకడానికి పట్టిన కాలం అది. దయ కూడా పలుకుబడి వెంటే నడుస్తుంది. తుంగభద్రకు అవతలి కర్నూలు జిల్లాలో పదేళ్ల శిక్ష పడ్డ ఒక అధికార పార్టీ నాయకుడికి గవర్నరు మిగిలిన శిక్ష మాఫీ చేస్తే, మంచి పార్టీ కార్యకర్త అన్నది కారణం కాదంటూ 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అలాంటి ఫైలు గద్వాల కూలీ కోసం రాజ్‌భవన్ దాకా ఎవరు మోస్తారు?

శిక్ష నిర్ణయించే ముందు మనిషి గతం, పరిస్థితులు చూడాలన్న సూత్రానికి పునాది వేసిన తీర్పుల్లో ఒకటి తెలుగు నేల మీది ఈడిగ అన్నమ్మ కేసే. 1974లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పేద యువతి వయసును, ఆమె బతుకును చూసి ఉరి తప్పించారు. ఆరేళ్ల తర్వాత బచన్‌సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసుల్లోనే అన్న హద్దు గీసింది. హద్దు గీసిన కోర్టే దాన్ని ఎవరికి వారు ఒక్కో చోట చూస్తున్నారని తర్వాత పదే పదే వాపోయింది. 2022లో మనోజ్ కేసు తీర్పుతో ప్రతి మరణశిక్ష కేసులోనూ నిందితుడి మానసిక స్థితి, పెరిగిన తీరు, జైల్లో నడవడి మీద నివేదికలు తెప్పించాలన్నారు. మంచిదే. కానీ ఇంకా చాలా చోట్ల దోషిగా ప్రకటించిన రోజో, మర్నాడో శిక్ష చెప్పేస్తున్నారు. ఒక మనిషి బతుకు మీద ఒక పూట విచారణ.

ఇక ఉరి ఉంటే భయం ఉంటుందన్న వాదన. దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు. తిరువాన్కూరు సంస్థానం 1944లో మరణశిక్ష ఎత్తేసింది. 1945 నుంచి 1950 దాకా అక్కడ 962 హత్యలు, ఉరి తిరిగి వచ్చిన తర్వాతి ఐదేళ్లలో 967. అమెరికాలోని నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 2012లో దశాబ్దాల అధ్యయనాలను పరిశీలించి, ఉరి హత్యలను తగ్గిస్తుందని గానీ పెంచుతుందని గానీ వాటి ఆధారంగా చెప్పలేమంది. ఇంటి దగ్గరి ఉదాహరణ ఇంకా సూటిగా ఉంది. నాగాపూర్‌లో నలుగురు చనిపోయింది 2020 ఆగస్టులో. నిందితుడిగా చెబుతున్న మనిషి దొరికింది 2023 డిసెంబరులో. పోలీసుల అభియోగమే నిజమనుకుంటే, ఆ మధ్య మూడేళ్లలో చనిపోయినవాళ్లను కాపాడగలిగింది ఉరితాడు కాదు, మొదటి కేసులో చేసి ఉండాల్సిన మంచి దర్యాప్తు. దొరకననే ధీమా ఉన్నవాడికి చట్టంలో ఏ శిక్ష రాసి ఉందో పట్టదు.

బాధితుల కుటుంబాల మాటేమిటన్నది అన్నింటికంటే బరువైన అభ్యంతరం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మానవ హక్కుల పాఠాలు చెప్పే అధికారం ఎవరికీ లేదు. అయితే తప్పుడు శిక్ష పడ్డ ప్రతి కేసులోనూ మొదట మోసపోయేది ఆ తల్లే. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకున్నారు. అతను కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని ఆమె తల్లిదండ్రులే మొదటినుంచీ మొత్తుకున్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా ప్రకటించి, ఎనిమిదేళ్లు పైగా జైల్లో ఉంచినందుకు లక్ష రూపాయలు ఇమ్మంది. మళ్లీ దర్యాప్తు సీబీఐకి అప్పగించేసరికి పదేళ్లు దాటాయి, సాక్ష్యాలు చెదిరిపోయాయి. ఆ నేరానికి నేటికీ ఎవరికీ శిక్ష నిలబడలేదు. ఈ కేసులో ఉరి పడి అమలయ్యుంటే ఫైలు మూసేసేవాళ్లు. న్యాయం జరిగిందని మనమంతా అనుకునేవాళ్లం, ఆ తల్లి తప్ప. ఇంగ్లండులో 1950లో కన్నబిడ్డను చంపాడని టిమోతీ ఎవాన్స్‌ను ఉరితీశారు. మూడేళ్లకు తేలింది, అదే ఇంట్లో కింద అద్దెకున్న క్రిస్టీ వరసగా ఆడవాళ్లను చంపుతూ వచ్చాడని. ప్రాసిక్యూషన్ సాక్షిగా ఎవాన్స్ మీద సాక్ష్యం చెప్పింది ఆ క్రిస్టీయే. నిర్దోషిని ఉరితీయడమంటే దోషికి రక్షణ ఇవ్వడం. ఆ తీర్పు తర్వాత క్రిస్టీ చంపినవాళ్ల కుటుంబాలకు ఆ సంగతి బాగా తెలుసు.

ఉగ్రవాదానికైనా మినహాయింపు ఉండాలని 2015లో జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలోని లా కమిషన్ కూడా అంది. మిగతా నేరాలన్నింటికీ ఉరి ఎత్తేయమని గట్టిగా వాదించిన 262వ నివేదిక ఆ ఒక్కచోట వెనకడుగు వేయడం నాకు అర్థం కాని విషయం. పొరపాటు భయమే కారణమైతే, అది అందరికంటే ఎక్కువ ఉన్నది ఉగ్రవాద కేసుల్లోనే. 2002 అక్షర్‌ధామ్ దాడి కేసులో పోటా కోర్టు ముగ్గురికి ఉరి వేసింది, గుజరాత్ హైకోర్టు ఖాయం చేసింది, 2014 మే 16న సుప్రీంకోర్టు శిక్ష పడ్డ ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లి హింసించారు. వాళ్లపై ఏదీ రుజువు కాలేదు. ప్రభుత్వం కొందరికి మూడేసి లక్షలు, కొందరికి ఇరవై వేలేసి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు అలాంటి పరిహారానికి చట్టంలో ఆధారం లేదని ఆ ఉత్తర్వును కూడా కొట్టేసింది.

చివరి అభ్యంతరం తర్కం నుంచి వస్తుంది. పొరపాటు యావజ్జీవంలోనూ జరుగుతుంది కదా, మరి జైళ్లన్నీ మూసేద్దామా? వద్దు. జైల్లో పోయిన యవ్వనం తిరిగి రాదన్నది నిజమే. జపాన్‌లో 1968లో ఉరిశిక్ష పడ్డ హకమాదా 2024 సెప్టెంబరులో నిర్దోషిగా తేలేసరికి అతనికి 88 ఏళ్లు, అప్పటికి మనసు పూర్తిగా దెబ్బతింది. అయినా తీర్పు వినడానికి బతికి ఉన్నాడు. బతికున్న మనిషికి కోర్టు తప్పు ఒప్పుకోగలదు, తలుపు తీయగలదు, డబ్బు ఇవ్వగలదు, దర్యాప్తు మళ్లీ మొదలుపెట్టగలదు. ఉరి తర్వాత ఈ నాలుగూ లేవు. పొరపాటు చేయని వ్యవస్థ ఎక్కడా లేదు కాబట్టి, దిద్దుకోగల శిక్షలతో సరిపెట్టుకోవడమే రాజ్యానికి తగిన వినయం.

కాబట్టి మరణశిక్ష పోవాలి, ఉగ్రవాదం సహా అన్ని నేరాలకూ పోవాలి. అది పార్లమెంటు చేయాల్సిన పని. అందాకా చేతిలో ఉన్న పనులు ఉన్నాయి. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లా కోర్టులు మొదలైనప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌కూ సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. అయితే ఆ కోర్టుల్లో ఉరి పడగల కేసు వాదించేందుకు అనుభవమున్న వకీళ్ల జాబితా జిల్లా న్యాయ సేవాధికార సంస్థల దగ్గర ఉండాలి. ఏ నిందితుడి తరఫునా వాదించబోమనే తీర్మానాలు బార్ అసోసియేషన్లు మానుకోవాలి. తప్పుడు కేసులో నలిగినవాళ్లకు పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం తేవాలని లా కమిషన్ 2018లోనే 277వ నివేదికలో చెప్పింది, అది ఇంకా అటకెక్కే ఉంది. త్రిపుర శాసనసభ 2015 ఆగస్టులో హత్యానేరానికి ఉరి ఎత్తేయాలని ఏకగ్రీవంగా తీర్మానించి కేంద్రానికి పంపింది. తెలంగాణ శాసనసభ కూడా అలాంటి తీర్మానం చేయగలదు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొండారెడ్డిపల్లి. చటాన్‌పల్లిలో పోయిన నలుగురూ అదే పాలమూరు పిల్లలు. ఆ తీర్మానం ఆయనే ప్రవేశపెట్టాలని ఈ మూడు జిల్లాల ఓటర్లు అడగాలి.